20 వేలలో ఇంటి ర్యాప్ స్టూడియో: ఏవి కొన్నాను, ఏవి వదిలేశాను, ఎందుకు

ర్యాప్ పాటకి ఇంట్లో రికార్డ్ చేయాల్సింది ఒక్కటే, గొంతు. బీటు కంప్యూటర్లోనే తయారవుతుంది, లేదంటే తయారై వస్తుంది. ఒకసారికి ఒక మనిషి, ఒక మైకు. సామాను ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మర్చిపోకపోతే అంగడివాళ్లు చూపించే వాటిలో సగం మనకి అక్కర్లేనివే. ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కి చేర్చే పెట్టె), మిక్సర్, జంట స్పీకర్లు, కీబోర్డు ఇవన్నీ తర్వాతి మాట. ఒక్క గొంతు శుభ్రంగా లోపలికి వెళ్లే దారి ఒకటి కావాలి, అంతే.

లాప్‌టాప్ ఉందనుకుని నేను వేసుకున్న పద్దు ఇది: ఇంటర్‌ఫేస్‌కి 8,000 దాటకూడదు, హెడ్‌ఫోన్లకి 5,000, మైకుకి 3,000, స్టాండు, కేబుల్, పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే తెర) కలిపి 2,500, గదికి 1,500. మొత్తం 20,000. ఇందులో మైకు వాటా అంత తక్కువేంటని చాలామంది అడుగుతారు. మైకుకి 12,000 పెట్టి, టైల్స్ నేలా ఖాళీ గోడలూ ఉన్న గదిలో నిలబెడితే ఆ గది గింగురుమనడమే 12,000 నాణ్యతతో రికార్డవుతుంది. అందుకే నా వరసలో గది ముందు, మైకు తర్వాత.

గదిని పరీక్షించడానికి ఫోను చాలు. ఒకే నాలుగు లైన్లని హాల్లో, పడగ్గదిలో, బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు, ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టుకుని చెప్పి, హెడ్‌ఫోన్లలో వినాలి. మాట ఆగిన తర్వాత వచ్చే తోక ఎక్కడ తక్కువో అక్కడే మన స్టూడియో. మన ఫ్లాట్లలో సాధారణంగా పరుపూ బట్టలూ ఉన్న పడగ్గదే నెగ్గుతుంది. బాత్రూం, ఖాళీ గది, గాజు తలుపులున్న హాలు పనికిరావు. పాటకి కావాల్సిన రివర్బ్ (ప్రతిధ్వని) తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఎంతైనా కలుపుకోవచ్చు. రికార్డింగ్‌లో దూరిన గది మోతని తీసేయడం మాత్రం దాదాపు అసాధ్యం.

దుప్పట్లు ఎక్కడ కట్టాలన్నది చాలామంది తలకిందులు చేసే విషయం. మైకు వెనక గోడకి ఫోమ్ అంటిస్తారు. కార్డియాయిడ్ మైకు ముందువైపుది ఎక్కువగా వింటుంది, వెనకవైపుది తక్కువగా వింటుంది. దాని ముందున్నది మీరు, మీ వీపు వెనకున్న గోడ. గది అంతా తిరిగి ఆ గోడకి తగిలిన గొంతు నేరుగా మైకు నోట్లోకే వస్తుంది. కాబట్టి మెత్తదనం ముందు మీ వీపు వెనక ఉండాలి. నేను స్థిరపరచుకున్న పద్ధతి ఇది. గది మూలలో రెండు గోడలకీ మేకులు కొట్టి, తల కంటే మూరెడు ఎత్తున నైలాన్ తాడు కట్టి, రెండు బరువైన రజాయిలు వేలాడదీయాలి. గోడకి ఆనకుండా 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే అవే రజాయిలు ఇంకాస్త కింది స్థాయి (గుమ్మని మోగే) శబ్దాన్ని కూడా పీలుస్తాయి. కాళ్ల కింద బొంతో తివాచీనో వేసి, మూలకి వీపు పెట్టి, గది వైపు చూస్తూ నిలబడాలి. మైకు వెనకభాగం కిటికీ వైపో లాప్‌టాప్ వైపో ఉండేలా తిప్పాలి. దాని చెవి అటు మందం కాబట్టి వీధి రొద, లాప్‌టాప్ ఫ్యాను హోరు కొంత తగ్గుతాయి.

గుడ్ల ట్రేలతో ఏమీ కాదు. పలుచటి అట్ట పై స్థాయి (సన్నటి, కీచు) శబ్దాన్ని కాస్త చెదరగొడుతుంది తప్ప పీల్చుకోదు. అంగుళం కూడా లేని నల్ల ఫోమ్ ముక్కలదీ దాదాపు అదే కథ. అవి పైన స, శ ధ్వనుల మెరుపుని తినేసి కింద గుమ్మని మోగే భాగాన్ని అలాగే వదిలేస్తాయి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు తయారవుతుంది. ఇంకోటి, రజాయిలు లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ బయటి హారన్లని ఆపవు. దానికి గోడ బరువు పెరగాలి, తలుపు సందులు మూయాలి, అది ఈ బడ్జెట్ పని కాదు. హారన్లకి మందు వేళ ఎంచుకోవడమే.

ఫ్యాను కట్టేయాల్సిందే. ఫ్యాను చప్పుడు కంటే దాని గాలి మైకుకి తగలడం ఎక్కువ నష్టం, కింద గుబగుబమని వినిపిస్తుంది. ఎండాకాలంలో పదహారు బార్ల (బార్ అంటే నాలుగు తాళం దెబ్బలు) వెర్స్‌ని, అంటే చరణాన్ని, నాలుగేసి బార్లుగా విడగొట్టి, మధ్యలో ఫ్యాను వేసుకుంటూ చెప్పడం నయం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే రికార్డింగ్ ఆపేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆడియో పరికరాల్లో బుయ్యిమనే శబ్దం తెస్తుంది. ఆపడం కుదరకపోతే లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద పనిచేసుకోవచ్చు.

ఇప్పుడు మైకు. ఉన్న రెండు ప్రధాన తరహాల్లో కండెన్సరా, డైనమిక్కా అన్నది అందరి మొదటి ప్రశ్న. ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్‌కి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్లోంచే అందే కరెంటు) కావాలి. అది పై స్థాయి వివరాల్ని బాగా పట్టుకుంటుంది, నిశ్శబ్దంగా ఉన్న మెత్తటి గదిలో చాలా బాగుంటుంది. నేను డైనమిక్ వైపు మొగ్గాను. డైనమిక్ మైకు చప్పుళ్లని వడకడుతుందని ఒక నమ్మకం ఉంది, అది నిజం కాదు. అసలు తేడా దూరంలో ఉంది. మైకుకీ నోటికీ మధ్య దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం కొలత) పెరుగుతుంది, గది చప్పుడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కండెన్సర్‌ని 20 సెంటీమీటర్ల దూరంలో వాడతాం, డైనమిక్‌ని 5 సెంటీమీటర్ల దాకా తెచ్చుకోవచ్చు. అంటే గదితో పోలిస్తే గొంతుకి 12 డెసిబెల్స్ లాభం. వంటింట్లో కుక్కర్, కింద వీధి, పక్కింటి టీవీ ఉన్న ఇంట్లో ఈ 12 డెసిబెల్స్ విలువ ఏ ఖరీదైన మైకూ ఇవ్వలేదు.

ష్యూర్ ఎస్‌ఎం58 1966 నుంచి ఉన్న మైకు. 20 వేల పద్దులో అది ఇమడదు, ఇమిడించాలంటే హెడ్‌ఫోన్లు తగ్గించుకోవాలి. బెరింగర్ ఎక్స్‌ఎం8500 అదే తరహా కార్డియాయిడ్ డైనమిక్, నా 3,000 లెక్కలో అది సరిపోతుంది. ర్యాప్‌కి ఇబ్బంది లేదు. వీడియోల్లో అందరి ముందూ కనిపించే ష్యూర్ ఎస్‌ఎం7బీ జోలికి ఈ దశలో పోవద్దు. దానికి దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) కావాలి. చవక ఇంటర్‌ఫేస్ చివరిదాకా తిప్పితే గొంతుతో పాటు సుయ్యిమనే హిస్ కూడా వస్తుంది, దాన్ని తగ్గించడానికి ఇంకో బూస్టర్ కొనాలి.

బీఎం-800 పేరుతో దొరికే చవక మైకుల గురించి ఒక హెచ్చరిక. వాటితో వచ్చే కేబుల్ ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి మైకు ప్లగ్గు), రెండో చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను. దాన్ని లాప్‌టాప్ జాక్‌లో పెడితే పనిచేస్తున్నట్టే ఉంటుంది, గొంతు మాత్రం పీలగా, రొదతో వస్తుంది. ఆ జాక్ ఇచ్చేది కొద్ది వోల్టులే, ఆపైన లాప్‌టాప్ లోపలి సౌండ్ సర్క్యూట్ రొద అదనం. మైకు ఏదైనా రెండు చివరలా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న కేబుల్ 3 మీటర్లది తీసుకుని ఇంటర్‌ఫేస్‌లోకే పెట్టాలి.

తెలుగులో ర్యాప్ చెప్పేవాళ్లకి మైకు దగ్గర ప్రత్యేకమైన పని ఒకటుంది. మనకి ప, ఫ, బ, భ నాలుగూ పెదవులు మూసి గాలి వదిలేవే. పైగా ద్విత్వాలు ఎక్కువ. దెబ్బ, అప్పు, గుప్పిట లాంటి మాటల్లో గాలి క్షణం సేపు ఆగి ఒక్కసారిగా బయటికి తన్నుతుంది. అదే మైకులో 'డుబ్' అని పడుతుంది. మైకు పరీక్షకి హలో హలో, వన్ టూ త్రీ చెప్పి లాభం లేదు. నేను వాడే లైను: 'దెబ్బకి దెబ్బ, అప్పుకి వడ్డీ, భయం బయట, సందు సందులో శబ్దం.' ఇందులో పేలే ధ్వనులూ ఉన్నాయి, బుస కొట్టే ధ్వనులూ ఉన్నాయి. ఆ లైను మామూలుగా ఒకసారి, పాటలో చెప్పేంత గట్టిగా ఒకసారి రికార్డ్ చేసి తరంగం చూడండి. బ దగ్గర మిగతావాటికి రెట్టింపు ఎత్తున, నెమ్మదిగా ఊగిన పెద్ద అల కనిపిస్తే గాలి తగులుతోందన్నమాట. మైకుని నోటికి ఎదురుగా కాకుండా పెదవి కొసకి పక్కగా జరిపి, నోటివైపే తిప్పి పెట్టాలి. గాలి నేరుగా ముందుకి పోతుంది, గొంతు అన్ని వైపులకీ వెళ్తుంది. డైనమిక్‌కి ఫోమ్ టోపీ తొడగండి. కండెన్సర్ అయితే నైలాన్ పాప్ ఫిల్టర్‌ని మైకుకి నాలుగు వేళ్ల దూరంలో పెట్టాలి, మైకుకి ఆనించి పెడితే దండగ. ఇక స్టేజి మీద చేసినట్టు మైకు తలని అరచేత్తో మూసి పట్టుకోకండి. వెనకవైపు శబ్దాన్ని తోసిపుచ్చే రంధ్రాలు మూసుకుపోయి మైకు అన్ని వైపులా వినడం మొదలెడుతుంది, గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారుతుంది.

ఇంటర్‌ఫేస్‌లో చూడాల్సినవి నాలుగు: ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్ ఒకటి, 48 వోల్టుల స్విచ్ (ఇప్పుడు అక్కర్లేకపోయినా రేపటికి), డైరెక్ట్ మానిటర్ (మన గొంతుని కంప్యూటర్ దాకా పోకుండానే హెడ్‌ఫోన్లలో వినిపించేది), తయారీదారు సొంత ఏసియో డ్రైవర్ (విండోస్‌లో శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్). నాలుగోదాన్ని చాలామంది పట్టించుకోరు. బెరింగర్ యూఎంసీ22 చవక, పనిచేస్తుంది, అయితే విండోస్‌లో దానికి సొంత ఏసియో డ్రైవర్ లేదు, ఏసియో4ఆల్ అనే ఉమ్మడి డ్రైవర్ మీద ఆధారపడాలి. అదే కంపెనీ యూఎంసీ202హెచ్‌డీకి, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోకి సొంత డ్రైవర్లు ఉన్నాయి. మ్యాక్ వాడేవాళ్లకి ఈ గొడవ లేదు. నేను 8,000 హద్దు దాటకుండా సెకండ్ హ్యాండ్ యూఎంసీ202హెచ్‌డీ వైపు వెళ్లాను. కొత్త చవక పెట్టె కంటే సరైన డ్రైవర్ ఉన్న పాత పెట్టె మేలని నా నమ్మకం.

వాడినది కొనేటప్పుడు మైకు, కేబుల్, లాప్‌టాప్ వెంట తీసుకెళ్లాలి. యూఎస్‌బీ పిన్ను పెట్టి కేబుల్‌ని మెల్లగా అటూ ఇటూ కదిలించాలి, కనెక్షన్ తెగి వస్తుంటే వదిలేయండి. గెయిన్ బిరడాని మెల్లగా మొదటి నుంచి చివరిదాకా తిప్పుతూ హెడ్‌ఫోన్లలో వినాలి. గరగర ఒకచోటే వస్తే దుమ్ము, అంతటా వస్తే బిరడా అరిగింది. రెండు ఇన్‌పుట్లూ చూడాలి. అమ్మేవాళ్ల దగ్గర కండెన్సర్ ఉంటే 48 వోల్టులు వస్తున్నాయో లేదో కూడా అక్కడే తేలుతుంది. ఎస్‌ఎం58 వాడినది చవగ్గా దొరుకుతోందంటే ఇంకా జాగ్రత్త, దానికి నకిలీలు చాలా ఉన్నాయి. కేబుల్ లేకుండా అసలు మైకు బరువు 298 గ్రాములు. కిరాణా కొట్టు డిజిటల్ కాటా మీద పెట్టినా తెలిసిపోతుంది. నకిలీలు తరచు తేలిగ్గా ఉంటాయి. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, బిల్లు, పెట్టె కూడా అడగండి.

ఇంత మొత్తం పెట్టలేనివాళ్లకి వేరే దారి ఉంది. శామ్సన్ క్యూ2యూ లాంటి డైనమిక్ మైకుకి యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉంటాయి, హెడ్‌ఫోన్ జాక్ మైకుకే ఉంటుంది. ఇవాళ నేరుగా లాప్‌టాప్‌కి, రేపు ఇంటర్‌ఫేస్ కొన్నాక దానికి. యూఎస్‌బీ మాత్రమే ఉన్న మైకు కంటే ఇదే తెలివైన కొనుగోలు.

హెడ్‌ఫోన్లు మూసిన తరహావే కావాలి. తెరిచిన తరహావి వినడానికి బాగుంటాయి గానీ బీటులోని హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని సన్నటి తాళాల చప్పుడు) బయటికి కారి మైకులో పడుతుంది. తర్వాత ఆ వెర్స్‌ని కొంచెం జరిపినా, బీటు మార్చినా వెనక టిక్‌టిక్‌మని దెయ్యంలా వినిపిస్తూనే ఉంటుంది. ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్ నా పద్దులో పట్టింది. కేబుల్ 3 మీటర్లు, ఇంటర్‌ఫేస్ పెద్ద జాక్‌కి సరిపడే అడాప్టర్ కూడా వస్తుంది. ఆ కేబుల్ ఊడదీసేది కాదు కాబట్టి కుర్చీ చక్రాల కింద పడకుండా చూసుకోవాలి. బ్లూటూత్ వద్దేవద్దు, మాటకీ చెవికీ మధ్య ఆలస్యం వల్ల ఫ్లో కుదరదు.

జంట స్పీకర్లు ఎందుకు వదిలేశానంటే, మన బీట్లలో 808 బేస్ 50 హెర్ట్జ్ చుట్టూ తిరుగుతుంది. రోలాండ్ టీఆర్-808 1980లో వచ్చిన డ్రమ్ యంత్రం, దాని కిక్ (బరువైన డ్రమ్ దెబ్బ) సాగదీసిన రూపమే ఈ బేస్. పదడుగుల గదిలో చిన్న స్పీకర్లు పెడితే ఆ బేస్ కూర్చున్నచోట మాయమై మూలలో గుమ్మంటుంది, అది నమ్మి తీసుకునే ప్రతి నిర్ణయం తప్పుతుంది. హెడ్‌ఫోన్లలో చేసి, ఫోను స్పీకర్లో, కారులో విని సరిచూసుకోవడం ఈ దశలో ఎక్కువ నమ్మదగ్గది. 808 ఫోనులో వినిపించకపోతే దాని వాల్యూమ్ పెంచకండి, కాస్త డిస్టార్షన్ (శబ్దాన్ని కొంచెం చీల్చే ఎఫెక్టు) కలపండి. పై హార్మోనిక్స్ (ఆ స్వరానికి తోడుగా వచ్చే పై స్థాయి ధ్వనులు) పుట్టి ఫోనులో కూడా ఆ స్వరం తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కి నేను రూపాయి కేటాయించలేదు. రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూడవచ్చు, ఆ తర్వాత చిన్న లైసెన్సు 60 డాలర్లు. మ్యాక్‌కి గ్యారేజ్‌బ్యాండ్, ఎక్కడైనా బ్యాండ్‌ల్యాబ్ ఉచితం. బీట్లు కూడా చేయాలనుకునేవాళ్లు ఎఫ్‌ఎల్ స్టూడియో వైపు వెళ్తారు, సరైనదే. దాని ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టుని కొనేదాకా మళ్లీ తెరవలేరని గుర్తుంచుకోండి. కొనేముందు ఆ ఎడిషన్‌లో గొంతు రికార్డ్ చేసే సౌకర్యం ఉందో లేదో చూసుకోండి.

అన్నీ వచ్చాక అమర్చే వరస: ముందు డ్రైవర్ వేసి తర్వాత ఇంటర్‌ఫేస్ తగిలించాలి. సాఫ్ట్‌వేర్‌లో, విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో రెండుచోట్లా శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్న లెక్క) 48 కిలోహెర్ట్జ్ పెట్టాలి, ఒకచోట 44.1 మిగిలితే టిక్కుటిక్కులు వస్తాయి. 24 బిట్ ఎంచుకోవాలి. బఫర్ (కంప్యూటర్ ఒకసారికి పోగుచేసుకునే శబ్దపు ముక్క) రికార్డింగ్‌కి 128, అంటే ఒక వైపుకి దాదాపు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం. మిక్సింగ్‌కి 512 లేదా 1024 చేసుకోవచ్చు. గొంతు ఒక చెవిలోనే వినిపిస్తే మైకు పాడైనట్టు కాదు, ట్రాక్ ఇన్‌పుట్ స్టీరియోలో ఉంది, దాన్ని మోనో, ఇన్‌పుట్ 1 చేయాలి. మన గొంతు మనకే రెండుసార్లు, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తే డైరెక్ట్ మానిటర్, సాఫ్ట్‌వేర్ మానిటర్ రెండూ తెరిచి ఉన్నాయి, రెండోది కట్టేయండి. సన్నగా బుయ్యిమనే శబ్దం ఆగకపోతే ఛార్జర్ పీకి చూడండి. దాంతో పోతే ఎర్తింగ్ సమస్య, మూడు పిన్నుల సాకెట్ మార్చి చూడాలి.

గెయిన్ పెట్టేముందు బీటుని తగ్గించాలి. ఈ మెట్టు దాటేసిన రికార్డింగులే ఎక్కువగా పగులుతాయి. దొరికే బీట్లు అప్పటికే మాస్టర్ అయి (తుది మెరుగు పెట్టి, వాల్యూమ్ బాగా పెంచి), మీటర్ పై హద్దు అయిన సున్నా దాకా నిండి ఉంటాయి. దాని మీద గొంతు వినబడలేదని గెయిన్ పెంచుకుంటూ పోతారు, గట్టిగా చెప్పిన చోట ఎర్రలైటు వెలిగి గొంతు చీలిపోతుంది. బీటు ట్రాక్‌ని ముందే 8 నుంచి 10 డెసిబెల్స్ దించండి. ఆ తర్వాత పాటలో అన్నిటికంటే గట్టి లైను చెబుతూ, శిఖరాలు మైనస్ 12కీ మైనస్ 8కీ మధ్య ఆగేలా గెయిన్ పెట్టండి. 24 బిట్‌లో ఇంత తగ్గించినా రొద సమస్య రాదు. బీటు పేస్ట్ చేసి టెంపో (నిమిషానికి ఎన్ని తాళం దెబ్బలో) రాయండి, బూమ్ బ్యాప్ (పాత తరహా ర్యాప్ బీటు) అయితే 85 నుంచి 95, ట్రాప్ (808 బేస్ ఉన్న కొత్త తరహా) అయితే 140 చుట్టూ. ఎంపీ3 ఫైళ్ల మొదట్లో తరచు రవ్వంత ఖాళీ ఉంటుంది, మొదటి కిక్‌ని జూమ్ చేసి బార్ గీత మీదకి జరపాలి. లేకపోతే పంచ్ ఇన్ చేసే (మధ్యలోంచి మళ్లీ రికార్డ్ చేసే) ప్రతిచోటా గ్రిడ్ (బార్ గీతల వరస) మోసం చేస్తుంది.

అసలు వెర్స్ ఒక ట్రాక్, లైను చివరి మాటల డబుల్స్ (అవే మాటలు రెండోసారి చెప్పినవి) ఇంకో ట్రాక్, యాడ్‌లిబ్స్ (మధ్యలో వేసే కేకలు, చిన్న మాటలు) రెండు ట్రాకులుగా చెవికొకటి. డబుల్స్‌ని కాపీ చేసి పేస్ట్ చేస్తే గొంతు మందం రాదు, వాల్యూమ్ మాత్రమే పెరుగుతుంది. మళ్లీ నోటితో చెప్పాల్సిందే. యాడ్‌లిబ్స్‌కి మైకు నుంచి ఒకడుగు వెనక్కి జరిగితే అవి సహజంగానే అసలు గొంతు వెనక కూర్చుంటాయి. అన్ని ట్రాకుల మీదా 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేసే హై-పాస్ ఫిల్టర్ వేయాలి, ఆ భాగం 808ది. దగ్గర నుంచి చెప్పినందుకు 200 హెర్ట్జ్ చుట్టూ పేరుకున్న బరువుని 2, 3 డెసిబెల్స్ తీయాలి. కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గుల్ని సమం చేసేది) 3కి 1 నిష్పత్తిలో, స, శ మరీ గుచ్చితే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య డీఎస్సర్ (ఆ బుసని తగ్గించేది). రీపర్‌తో వచ్చే ఈక్యూ (స్థాయిల్ని పెంచి, తగ్గించేది), కంప్రెసర్ ఈ పనికి చాలు.

మిక్సింగ్ వేరేవాళ్లకి ఇస్తుంటే ఈ ఎఫెక్టులన్నీ తీసేసి, ప్రతి ట్రాక్‌నీ పాట మొదటి సెకను నుంచే మొదలయ్యేలా విడివిడిగా 24 బిట్ వేవ్ ఫైళ్లుగా పంపాలి. వెర్స్ రెండో నిమిషంలో మొదలైనా సరే, ముందున్న ఖాళీతో సహా పంపాలి. ఫైలు పేరులోనే టెంపో, ట్రాక్ పేరు ఉంటే అవతలివాళ్లు అన్నిటినీ సున్నా దగ్గర పేర్చి వెంటనే పని మొదలెడతారు.